పాత స్పీకరు పెట్టెలకు జీర్ణోద్ధారణము

ఇంటిలోని పాతవస్తువులయెడ రెండు విధములైన అపచారములు జరుగుచుండును. పాతబడినదని పారవేయుట మొదటిది. బాగుచేయు నెపమున దానిని వేఱొక వస్తువుగా మార్చివేయుట రెండవది. ఈ రెండవదియే యెక్కువ నష్టకరము. ఏలయన పారవేసినవారు వస్తువును పోగొట్టుకొంటిమని యెఱుగుదురు. మార్చివేసినవారు దానిని రక్షించితిమని సంతసించుచుందురు. మన పెద్దలు దేవాలయములకు జీర్ణోద్ధారణము చేయునపుడు శిథిలమైన రాతిని తీసి, అదే కొలతగల రాతిని దాని చోట నిలుపుచుండిరి. చెడని రాతిని కదల్చుట వారి పద్ధతి కాదు. ఈ ధర్మమునే నేడు మన గృహములందలి పాత లౌడుస్పీకరు పెట్టెలకు అన్వయించి కొన్ని మాటలు చెప్పదలచితిమి.

స్పీకరు పెట్టె లోపల నేమున్నదో తెలిసికొనుట గృహిణుల కెందులకని కొందఱకు తోచవచ్చును. ఇంటిలో పాట నెక్కువగ వినువారము మనము. ఏ వస్తువుపై నెంత వ్యయము తగునో నిర్ణయించుటయు పెక్కిండ్లలో మన పాలిటిదియే. మరమ్మతుదారుడు పొడవైన జాబితా చదివినపుడు తల యూపుటయా, ప్రశ్న వేయుటయా యనునది మన తెలివిడి ననుసరించి యుండును. నాలుగు ప్రశ్నలు వేయుటకు కావలసినంత జ్ఞానము సంపాదించుట కష్టము గాదు.

మనుష్యుని చెవి సెకనునకు సుమారు 20 కంపనములు మొదలు 20,000 కంపనముల వఱకు గల నాదమును వినగలదు. సెకనున కొక కంపనమును హెర్ట్జి యందురు. ఇంత విశాలమైన నాదమును ఒక్క స్పీకరే చక్కగా పలుకజాలదు. మంద్రస్థాయికి వెడల్పై బరువైన స్పీకరు కావలయును; దీనిని వూఫరు అందురు. తారస్థాయికి గోరంత తేలికైనది కావలయును, అది ట్వీటరు. కొన్ని పెట్టెలలో నడిమి స్వరములకు మిడ్‌రేంజి యను మూడవది యుండును. మృదంగపు తొప్పి మ్రోతను ట్వీటరునకు పంపినచో అది తాళజాలక చెడును. కంజీర గజ్జెల సవ్వడిని వూఫరునకు పంపినచో అది మొద్దుబారును. కావున ఆంప్లిఫయరు నుండి వచ్చు విద్యుత్తును విడదీసి, ఎవరి భాగమును వారికి పంచు నేర్పరి యొకడు లోపల నుండవలయును. హంస పాలను నీటిని వేఱు చేయునని మన కవులు చెప్పుదురు గదా! పెట్టెలో ఆ పని చేయునది క్రాసోవరు.

ఈ క్రాసోవరులో ముఖ్యమైనవి రెండే జాతులు. రాగితీగను చుట్టిన కాయిలు మంద్రమును సులభముగ పోనిచ్చి తారమును అడ్డగించును. కండెన్సరు దానికి విపర్యయముగ తారమును పోనిచ్చి మంద్రమును అడ్డగించును. ఏ స్వరము వద్ద విభజన జరుగవలయునో వీని కొలతలే నిర్ణయించును. జల్లెడ కన్నము మారినచో పిండి మారునట్లు, వీని కొలత మారినచో పాట మారును.

దీనికి అమెరికా దేశమున ప్రసిద్ధి గన్న యొక పెట్టెను దృష్టాంతముగ తీసికొందము. 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ అనువారు మసాచుసెట్సు రాష్ట్రములోని కేంబ్రిడ్జిలో అకూస్టిక్ రీసెర్చి యను సంస్థను స్థాపించిరి. గాలి చొరకుండ మూసిన పెట్టెలో, లోపలి గాలినే స్ప్రింగువలె వాడుకొని, చిన్న పెట్టెనుండి లోతైన మంద్రమును పలికించుట విల్చరుగారి యుపాయము. 1958లో వెలువడిన ఏఆర్-3 అను పెట్టెలో మధ్యమ, తార స్వరములకు గుమ్మటము వంటి స్పీకర్లను అమర్చిరి. ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అను వాద్యబృందము వారితో సభలు జరిపి, వాద్యకారులు కొంతసేపు నిజముగ వాయించుచు, కొంతసేపు కమానులను ఊరక కదల్చుచు నుండగా, ఆ పెట్టెలనుండి టేపు వినిపించుచుండిరి. ఎపుడు వాద్యము, ఎపుడు పెట్టెయో శ్రోతలు పోల్చుకొనలేకపోయిరని ప్రసిద్ధి. 1967లో దీని తరువాతిదైన ఏఆర్-3ఏ వచ్చినది. అవి తయారై అర్ధశతాబ్దమైనను నేటికిని పెక్కిండ్లలో పాడుచున్నవి.

ఈ ఏఆర్-3ఏ లోపల 12 అంగుళముల వూఫరు, 1½ అంగుళపు మిడ్‌రేంజి గుమ్మటము, ¾ అంగుళపు ట్వీటరు గుమ్మటము కలవు. 575 హెర్ట్జిల వఱకు వూఫరు, అచ్చటినుండి 5,000 వఱకు మిడ్‌రేంజి, ఆపైన ట్వీటరు పలుకును. క్రాసోవరులో మూడు కండెన్సర్లు: ట్వీటరు దారిలో 6 మైక్రోఫారడులది, మిడ్‌రేంజి దారిలో 50 మైక్రోఫారడులది, వూఫరునకు ప్రక్కగా నిలిచి మిగిలిన తారస్వరములను తప్పించునది 150 మైక్రోఫారడులది. ట్వీటరునకు కావలి యైన ఆ 6 మైక్రోఫారడుల కండెన్సరు 500 హెర్ట్జిల స్వరమునకు సుమారు 53 ఓముల అడ్డు పెట్టును. 5,000 హెర్ట్జిల స్వరమునకు 5.3 ఓములే పెట్టును. ద్వారపాలకుని పని యింత లెక్కగా జరుగుచుండును. ఆ కండెన్సరు శక్తి 6 నుండి 5కు తగ్గినచో 5,000 వద్ద అడ్డు సుమారు 6.4 ఓములగును. అంతమేర తారస్వరములు లోపలనే నిలిచిపోవును.

కండెన్సరు శక్తి యేల తగ్గును? ఆ కాలపు స్పీకరు పెట్టెలలో పెద్దకొలత కండెన్సర్లు పెక్కు ఎలక్ట్రోలైటు జాతివి. రెండు అల్యూమినియము రేకుల నడుమ ద్రవముతో తడిపిన కాగితమునుంచి చుట్టచుట్టి డబ్బాలో బిగింతురు. రేకుపై నేర్పడిన సన్నని ఆక్సైడు పొరయే దాని ప్రాణము. మూత బిగువుగ నున్న జాడిలోని యూరగాయయు ఏండ్లు గడచినకొలది ఆరిపోవునట్లు, ఆ కాగితపు తడి దశాబ్దములకు ఆరిపోవును. అపుడు రెండు దోషములు పుట్టును. కండెన్సరు కొలత మారుట యొకటి. దాని లోపలి నిరోధము పెరుగుట రెండవది. ఈ పెట్టె మొత్తము నిరోధమే 4 ఓముల లెక్కది. అందు ఒక కండెన్సరు తనంత తాను ఒకటి రెండు ఓములు మ్రింగినచో పాటకు మిగులు బలమెంత?

రాగితీగ కాయిలునకు ఈ ముసలితనము లేదు. తీగ తెగక, అతుకు వదలక యున్నచో నది నూరేండ్లకును కాయిలే. ప్లాస్టికు పొరతో చేసిన కండెన్సరులో ఆరిపోవు తడి లేదు గనుక అదియు సాధారణముగ చెడదు. కనుక "అన్నియు మార్చవలయును" అను మాట వినబడినపుడు, ఏది యేల చెడినదో చెప్పుమని యడుగుట మన హక్కు.

ఈ క్షీణత యొక్కనాట రాదు. కంటి చూపు మందగించునట్లు రోజురోజునకు కొంచెముగ జరుగును గనుక ఇంటివారు గమనింపరు. గమనించుటకు మనకు తెలుగు అక్షరములే సాధనములు. శ, ష, స అను మూడక్షరములను వేఱువేఱుగ పోల్చుకొనుటకు కావలసిన గుర్తులు చాలవఱకు పైస్వరములందే యుండును. చక్కగా పలుకు గాయకురాలి కృతిని పెట్టి వినుడు. ఆ మూడును ఒకటే గాలియూత వలె వినబడినను, తంబురాలోని జీవము సన్నగిల్లినను, తాళముల మ్రోత కప్పుకొన్నట్లున్నను ట్వీటరు దారిని సందేహింపవలయును. ఇంటిలో చిన్నపిల్లలుండినచో వారినికూడ వినుమనుడు. వయసు పైబడిన చెవులకు తారస్వరములు సహజముగనే తగ్గును. మన చెవి దోషమును పెట్టెపై మోపరాదు.

నిదానము తెలియక చికిత్స కూడదని వైద్యులు చెప్పుదురు. ఇచ్చటను అదే క్రమము. మొదట ఆంప్లిఫయరును ఆపి, కుడియెడమ పెట్టెల తీగలను తారుమారు చేసి చూడుడు. దోషము అదే పెట్టెలో నిలువక రెండవ పెట్టెకు మారినచో తప్పు పెట్టెది గాదు. రెండవది, వూఫరు అంచును చూడుడు. తొలినాటి ఏఆర్-3ఏలలో బట్ట అంచు, తరువాతి వానిలో నురుగు అంచు ఉండెడివి. నురుగుది పొడి పొడియై రాలినచో ముందది బాగుపడవలయును. క్రాసోవరులో నెంత వ్యయము చేసినను ఫలము లేదు. మూడవది, పెట్టె వెనుకనున్న రెండు తిరుగుడు బిరడాలు. మధ్యమ, తార స్వరములను హెచ్చించి తగ్గించునవి యివియే. వీని లోపలి లోహమునకు చిలుము పట్టుట ఈ పెట్టెల ప్రసిద్ధ వ్యాధి. త్రిప్పినపుడు కరకరలాడి, ఒకచోట పాట వచ్చి, మఱియొకచోట మాయమైనచో కండెన్సరును నిందింపక ముందు దీనిని శుభ్రము చేయింపవలయును. ఇవన్నియు సరియైన పిమ్మటనే కండెన్సర్లను కొలుచుట. కొలుచునపుడు కండెన్సరు కాలొకటి యైనను ఊడదీయవలయును. లేనిచో ప్రక్కనున్న కాయిలుయు స్పీకరును కలిసి మీటరును మోసపుచ్చును. ఎల్‌సీఆర్ మీటరను పరికరము కొలతను, లోపలి నిరోధమును రెండింటిని చూపును.

మా మేనత్తగారింట జరిగినది చెప్పెదము. మా మామయ్యగారు 1970ల తొలినాళ్లలో మసాచుసెట్సులో ఇంజనీరుగ నుండి, స్వదేశమునకు వచ్చునపుడు ఏఆర్-3ఏ జత నొకదానిని రాజమహేంద్రవరము తెచ్చుకొనిరి. అచ్చటి విద్యుత్తు 120 వోల్టులది, మనది 230 వోల్టులది యైనను, ఇట్టి పెట్టెలకు గోడ ప్లగ్గుతో పనియే లేదు గనుక ఏ మార్పును లేకయే అవి ఇచ్చట పాడినవి. ఆయన గతించిన పిదప అత్తయ్య సాయంకాలము వానినే వినుచుండెడిది. క్రమముగ ఎడమ పెట్టె మూగపోవ నారంభించినది. ఒక వ్యాపారి వచ్చి, లోపల నంతయు కుళ్లినదని, కొయ్య వెలకు కొనెదనని చెప్పెను. మఱియొక మరమ్మతుదారుడు కండెన్సర్లు, కాయిళ్లు, స్పీకర్లు సమస్తమును మార్చి "నేటికాలపు పెట్టె" చేసెదనని పెద్ద మొత్తమునకు జాబితా వ్రాసియిచ్చెను. "అన్నియు మార్చినచో ఇవి మీ మామయ్యవి ఎట్లగునే?" అని అత్తయ్య మమ్మడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము కావలసియే మేము ఈ శాస్త్రము కొంత చదివితిమి.

మా వారి పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పు మాస్టారు మీటరు తెచ్చిరి. ఎడమ పెట్టె ట్వీటరు బిరడాకు పచ్చని చిలుము పట్టియుండెను. శుభ్రము చేయగనే సగము ప్రాణము వచ్చినది. కండెన్సర్లను కొలిచినపుడు ఆ ప్రక్క 6 మైక్రోఫారడులది 4.8 చూపెను, 50, 150ల వానికి కొలత దగ్గరగనే యున్నను లోపలి నిరోధము హెచ్చియుండెను. కాయిళ్లు, స్పీకర్లు నిర్దోషములు. మూడేసి చొప్పున ఆఱు కండెన్సర్లు మార్చుటతో పని ముగిసినది. అయిన వ్యయము ఆ పొడవైన జాబితాలో పదియవ వంతునకు మించలేదు.

ఇక క్రొత్త కండెన్సరును ఎంచుకొను విధము. మొదటి నియమము: వ్రాసియున్న కొలతకు కొలత. 6 ఉన్నచోట 8 పెట్టినచో "మఱింత మంచిది" కాదు. విభజన స్థానమే మారును. రెండవది: రెండు పెట్టెలకును ఒక్కసారి, ఒకే రకమువి వేయవలయును, కొనునపుడు నాలుగైదింటిని కొలిచి జతలు కూర్చుట మేలు. కుడియెడమలు సమముగ లేనిచో గాయకురాలు నడుమ నిలువక ఒక ప్రక్కకు జరిగినట్లుండును. మూడవది: వోల్టుల బలము. 4 ఓముల పెట్టెకు 100 వాట్లు పంపినను తీగలపై 20 వోల్టులే యుండును గనుక 100 వోల్టులకు తగినది పుష్కలముగ చాలును. నాలుగవది: జాతి. ట్వీటరు దారిలోని చిన్నదానికి పాలిప్రొపిలీను పొరది యుత్తమము, వెలయు స్వల్పము. 150 మైక్రోఫారడులంతటిది పొరజాతిలో మిక్కిలి పెద్దదై వెల హెచ్చును. దాని చోట స్పీకర్లకై చేసిన నాన్‌పోలారు ఎలక్ట్రోలైటు క్రొత్తది వేసినను దోషము లేదు. రేడియో, టీవీలలో వాడు ప్లస్సు మైనస్సు గుర్తుల కండెన్సరు మాత్ర మిచ్చట పనికిరాదు. పాట విద్యుత్తు రెండు దిక్కులకును పాఱునది.

ఇందొక సూక్ష్మము గలదు. పాత కండెన్సరు క్రొత్తగ నున్ననాడును దానికి కొంత లోపలి నిరోధముండెను; రూపకర్త ఆ నిరోధముతోనే విని, తూచి, పెట్టెను కూర్చెను. పొరజాతి కండెన్సరునకు ఆ నిరోధము దాదాపు శూన్యము. కావున దానిని వేసిన పిదప తారస్వరములు ఒకింత వాడిగ తోచవచ్చును. అపుడు వెనుక బిరడాను కొంచెము తగ్గించుటయో, కండెన్సరుతో వరుసగ అర ఓము లోపు రెసిస్టరు నొకదానిని చేర్చుటయో చేయుదురు. అధికముగ మెఱయుటయే బాగుపడుటయని భ్రమింపరాదు. కాయిలునకు లావు తీగ వేయించుటయు నిట్టిదే. దాని నిరోధము తగ్గినచో వూఫరు నడవడి మారును. కొలతయు నిరోధమును సమానముగ నున్న రెండు కండెన్సర్లలో పదింతల వెలగలది పదింతలు బాగుగ పాడదు.

చేతిపని విషయమై కొన్ని జాగ్రత్తలు. విప్పుటకు ముందు లోపలి తీగల రంగులు కనబడునట్లు ఫోనుతో ఫొటోలు తీసికొనుడు. పెట్టెలోని దూది వంటి పదార్థము గాజునూలో, రాతినూలో యగుట వలన చేతికి తొడుగులు, ముక్కునకు గుడ్డ కావలయును, పిల్లలను దూరముంచవలయును. స్పీకరు అయస్కాంతము ఇనుప సాధనమును దిగ్గున లాగుకొనును. అది గుమ్మటముపై పడినచో మఱి దొరకని వస్తువు పోవును. సోల్డరింగు సీసములో సీసము నిజముగనే యుండవచ్చును గనుక కిటికీలు తెఱచి చేయుట, పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకొనుట, వంటింటి బల్లపై చేయకుండుట ముఖ్యము. గర్భవతులు ఈ పనికి దూరముగ నుండుట శ్రేయము. ఈ పెట్టెలో గోడ కరెంటు లేదు గనుక తీగలు ఊడదీసిన పిదప భయము లేదు. ఆంప్లిఫయరు మాత్ర మట్టిది కాదు. దాని మూతను తెలిసినవారు తప్ప తెఱువరాదు.

పని ముగిసిన పిదప తీసిన పాత కండెన్సర్లను పారవేయకుడు. సంచిలో కట్టి పెట్టె వెనుక నుంచి, ఏ తేదీన, ఏ కొలతలవి తీసి, ఏ కొలతలవి వేసితిరో చీటీ వ్రాసి లోపల అంటింపుడు. రేపు మఱియొకరు విప్పినపుడు ఆ చీటీయే వారికి దారి చూపును.

విల్చరుగారి గుఱించి యింకొక మాట. 1967లో ఆయన తన సంస్థను విడిచి, తరువాతి కాలమును వినికిడి తగ్గినవారికి తోడ్పడు శ్రవణయంత్రముల పరిశోధనకు వినియోగించెను. అందు కనుగొనిన దానిని పేటెంటుతో కట్టివేయక ప్రకటించి, తయారుచేయువారందఱకు విడిచిపెట్టెను. 2011లో, 94 ఏండ్ల వయసున, ఆయన గతించెను. ఉన్న నాదమును ఉన్నట్లు చెవికి చేర్చవలయునను తపన ఆ రెండు పనులకును మూలము. ఆయన పెట్టెను బాగుచేయువారికిని ఆ తపనయే యుండవలయును.

కావున సోదరీమణులారా, మీ యింటనున్న పాత పెట్టె యే దేశపుదైనను, ఏ సంస్థదైనను, ముందు వినుడు, పిదప కొలువుడు, చెడినదానిని మాత్రమే, దాని కొలతకు సరియైనదానితో మార్పింపుడు. చెడనిదానిని కదల్పనీయకుడు. వ్యయము తగ్గును, వస్తువు నిలుచును, దానిని మీకిచ్చినవారు విన్న పాటను మీరును విందురు.